ముసలి తీగ కాపు

గ్రెనాష్ ద్రాక్షతో చేసిన రెడ్ వైన్‌ను గ్లాసులో కొద్దిగా పోసి, గ్లాసు వెనక ఈ పేజీని పట్టుకుని చూడండి. అక్షరాలు చాలావరకు చదవగలుగుతారు. రెడ్ వైన్ అనగానే నేరేడు పళ్లు పిండినంత చిక్కటి ఊదారంగును ఊహించుకునేవారికి ఇది నీళ్లు కలిపిన సరుకులా కనిపిస్తుంది. నిజానికి దీని రంగు దానిమ్మ రసానికి దగ్గర. కొన్నేళ్లు సీసాలో నిలవ ఉంటే అంచులు ఇటుక రంగుకు తిరుగుతాయి.

ఒక్క గుక్క నోట్లోకి వెళ్లగానే లెక్క మారిపోతుంది. ముందు స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ లాంటి ఎర్రటి పళ్ల వాసన. దాని వెనక ఎండిన ఆకుల ఘాటు, తెల్ల మిరియాల ఛాయ, ఒక్కోసారి ఎండబెట్టిన నారింజ తొక్క. నాలుక మీద కొంచెం తీపి ఉన్నట్టు అనిపిస్తుంది గానీ వైన్‌లో చక్కెర మిగిలి ఉండదు. గొంతు దిగేటప్పుడు వెచ్చదనం. సీసా మీద చూస్తే ఆల్కహాలు 14, 15 శాతం, కొన్నిటిలో 16 కూడా ఉంటుంది.

అదే సీసా మీద తరచుగా ఇంకో మాట ఉంటుంది: ‘ఓల్డ్ వైన్’. తెలుగు లిపిలో రాస్తే ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో ద్రాక్షతీగకూ, ద్రాక్షమద్యానికీ తొలి అక్షరం వేరు. మన లిపిలో రెండూ ‘వైన్’ అయిపోతాయి. ఇక్కడ ముసలిది మద్యం కాదు, తీగ. మొన్నటి కాపుతో చేసిన వైన్ కావచ్చు, కానీ ఆ గుత్తులు కాసిన తీగకు అరవై ఏళ్లో, నూరేళ్లో ఉంటాయి. ఆ మాట ఉన్నందుకు ధర కూడా పెరుగుతుంది.

మరి తీగ వయసుకు రుచి ఉంటుందా? లేక అది సీసా అమ్ముకోవడానికి అంటించిన మాటేనా? ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే. దానికి జవాబు వెతకడానికి గ్రెనాష్ కంటే మంచి ద్రాక్ష దొరకదు. ఎందుకో తెలియాలంటే ముందు దాని స్వభావం తెలియాలి.

పందిరి అక్కర్లేని ద్రాక్ష

దీని పుట్టినిల్లు స్పెయిన్ ఈశాన్య భాగంలోని అరగాన్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. స్పెయిన్‌లో దీన్ని గార్నాచా అంటారు. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో దీని పేరు కన్నొనావ్. ఆ ద్వీపం వాళ్లు ఇది మాదేనని గట్టిగా వాదిస్తారు. మధ్యయుగాల్లో అరగాన్ రాజుల ఏలుబడి ఎక్కడిదాకా సాగిందో ఈ తీగా అక్కడిదాకా పాకింది. ఫ్రాన్సుకు వెళ్లి గ్రెనాష్ అయింది. రోన్ నది దిగువ లోయలో, ముఖ్యంగా శాటోనఫ్-దు-పాప్ అనే ఊళ్లో, దానికి గొప్ప పేరు వచ్చింది.

ద్రాక్ష తోట అంటే మనకు పందిరి గుర్తుకొస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటల్లో తలెత్తి చూస్తే పైన ఆకుల కప్పు, దాని కింద వేలాడే గుత్తులు ఉండేవి. ముసలి గ్రెనాష్ తోటలో పందిరీ ఉండదు, తీగెలు లాగిన కంబాలూ ఉండవు. మోకాలెత్తు మొద్దు, దాని మీద గిన్నె ఆకారంలో విచ్చుకున్న నాలుగైదు లావు కొమ్మలు, అంతే. ఒక్కో మొక్క విడిగా పొదలాగ నిలబడుతుంది. గ్రెనాష్ కర్ర గట్టిది, రెమ్మలు నిటారుగా పైకి పోతాయి, కాబట్టి ఊతం అక్కర్లేదు. రోన్ లోయలో ఉత్తరం నుంచి మిస్ట్రల్ అనే పొడి గాలి వీస్తుంది. దాని వేగం ఒక్కోసారి గంటకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. అలాంటి చోట పందిరి వేసుకోవాల్సిన ద్రాక్ష కంటే తన కాళ్ల మీద తను నిలబడే ద్రాక్షే మేలు.

కరువును కూడా ఇది తట్టుకుంటుంది. జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ షుల్ట్స్ 2003లో ప్రచురించిన పరిశోధనలో గ్రెనాష్‌ను, సిరా అనే మరో రోన్ ద్రాక్షను పక్కపక్కన పెట్టి, నేల ఆరుతున్నప్పుడు రెండూ ఏం చేస్తాయో కొలిచాడు. సిరా తన ఆకుల్లోని పత్రరంధ్రాలను తెరిచే ఉంచి, నీళ్లు తగ్గుతున్నా ఖర్చు ఆపలేదు. గ్రెనాష్ ముందే రంధ్రాలు మూసుకుని ఆకుల్లో నీటి స్థాయిని ఇంచుమించు ఒకేలా నిలుపుకుంది. గాదెలో గింజలు సగానికి రాగానే కొలిచి వండే ఇల్లాలి పద్ధతి అది. ఎండ కాసే, వాన కురవని మధ్యధరా తీరాల్లో ఈ పొదుపే దాన్ని బతికించింది.

ఇక లోపాల సంగతి. పూత సమయంలో చలిగాలో వానో తగిలితే పూత రాలిపోతుంది, పిందె సరిగా పట్టదు. బూజు తెగులు త్వరగా సోకుతుంది. చిగురు ముందే వేస్తుంది గానీ పండడం మాత్రం ఆలస్యం. వీటన్నిటికంటే పెద్ద లోపం దాని ఉదారగుణం. సారవంతమైన నేలలో నీళ్లు పెట్టి ఎరువు వేస్తే గ్రెనాష్ విరగకాస్తుంది. అప్పుడు గుత్తులు పెద్దవి, పళ్లు లావువి, రసం పలచనిది. రంగు, వాసన అన్నీ ఆ రసంలో కరిగి చప్పబడిపోతాయి. చౌక వైన్‌కు ఇది మహా అనుకూలం. ఒకప్పుడు ప్రపంచంలో అత్యధికంగా సాగైన ద్రాక్షల్లో గ్రెనాష్ ఒకటి కావడానికీ, దానికి తక్కువరకం అన్న పేరు పడడానికీ కారణం ఒక్కటే: అడిగితే అడిగినంత ఇస్తుంది.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ముసలితనం గురించి మాట్లాడేటప్పుడు దీనితో పని పడుతుంది.

నోట్లో జరిగేది

ముందు ఆ వెచ్చదనం సంగతి చూద్దాం. ఈస్ట్ కణాలు ద్రాక్షరసంలోని చక్కెరను తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు విడుదల చేస్తాయి. తాటికల్లు పులిసేటప్పుడు నురగ పొంగేది కూడా ఇందుకే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఆల్కహాలు ఒక శాతం పెరుగుతుంది. లీటరుకు 255 గ్రాములుంటే 15 శాతం. గ్రెనాష్‌లో చక్కెర జోరుగా పెరుగుతుంది, తొక్కలోని రంగూ వాసనా మాత్రం నింపాదిగా పక్వానికి వస్తాయి. వాటి కోసం రైతు ఆగిన ప్రతి వారం చక్కెర ఇంకాస్త పైకి పోతుంది. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో ఈ రెంటి మధ్య దూరం పెరుగుతూనే ఉంది.

ఆల్కహాలు వేడి వస్తువు కాదు. మరి గొంతు వెచ్చబడడం ఎందుకు? మన నాడీకణాల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. గుంటూరు మిరపకాయ మంటను పసిగట్టేది అదే. మామూలుగా అది 42 డిగ్రీల ప్రాంతంలో ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. ఆల్కహాలు ఆ హద్దును 34 డిగ్రీల దాకా దించేస్తుంది. మన ఒంటి వేడి దానికంటే ఎక్కువ. అంటే సొంత గొంతు వేడే మనకు మంటగా తోస్తుంది. గ్రెనాష్‌ను 15, 16 డిగ్రీలకు చల్లబరిచి తాగమనడం ఇందుకే. గది వేడికి వదిలేయమన్న యూరప్ సలహా మన వేసవికి పనికిరాదు. 35 డిగ్రీల గదిలో పెట్టిన సీసాలో పళ్ల వాసన కంటే స్పిరిట్ వాసనే ముందు ముక్కుకు తగులుతుంది.

తర్వాత వగరు. నాలుకకు తెలిసే మూలరుచుల జాబితాలో పాశ్చాత్య శాస్త్రం వగరును చేర్చలేదు. మనం మాత్రం షడ్రుచుల్లో దానికి పీట వేశాం. ఉగాది పచ్చట్లో మామిడి పిందె పని అదే. శాస్త్రం ప్రకారం వగరు రుచి కన్నా స్పర్శకు దగ్గర. తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుని గడ్డకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక అంగిలికి గరుకుగా రాసుకుంటుంది. నేరేడు పళ్లు తిన్నాక నోరు పిడచకట్టినట్టు ఉండేది ఇలాగే. చాలా రెడ్ వైన్‌లతో పోలిస్తే గ్రెనాష్‌లో వగరు ఓ మోస్తరు. నోటిని బిగించదు, సన్నటి పొడి రాసినట్టు వదిలిపోతుంది. వగరూ పులుపూ తక్కువ, ఆల్కహాలు ఎక్కువ. అందువల్లే చక్కెర లేకపోయినా తీపి భ్రమ కలుగుతుంది.

రంగు పలచబడడానికీ కారణం తొక్కే. నేరేడుకూ, వంకాయ తొక్కకూ, ఎర్ర ద్రాక్షకూ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. గ్రెనాష్ తొక్క పలచన, అందులో ఆంథోసయనిన్లు తక్కువ. పైగా ఈ ద్రాక్ష రసం గాలి తగిలితే తొందరగా రంగు మారుతుంది. తరిగిన వంకాయ ముక్కలు నల్లబడకుండా మనం నీళ్లలో వేస్తాం కదా, అదే గొడవ ఇక్కడా ఉంది. అందుకే గ్రెనాష్‌ను గాలి ఎక్కువగా ఆడే చిన్న కొత్త ఓక్ పీపాల్లో కాకుండా కాంక్రీటు తొట్లలోనో, పెద్ద పాత పీపాల్లోనో ఉంచడానికి చాలామంది ఇష్టపడతారు.

ఇక వాసన. ‘స్ట్రాబెర్రీ వాసన’ అంటే కవిత్వం అనుకుంటాం గానీ అందులో రసాయన సత్యం ఉంది. గార్నాచా పుట్టినింట్లోనే, అరగాన్ రాజధాని జరగోజాలో, విసెంతె ఫెరేరా, ఆయన సహచరులు 2002లో గ్రెనాష్ రోజే (గులాబీ రంగు) వైన్‌ల వాసనను అణువులుగా విడగొట్టి చూశారు. ముఖ్యమైన వాటిలో ఫ్యురనియోల్ ఒకటి. స్ట్రాబెర్రీకీ, అనాసకూ ఆ పరిమళాన్నిచ్చే పదార్థమది. పండిన మామిడిలోనూ ఉంటుంది. కాబట్టి గ్రెనాష్ వాసన చూసిన తెలుగువాడికి స్ట్రాబెర్రీ కాక ఇంట్లో మాగబెట్టిన మామిడిపండు గుర్తొస్తే ఆ ముక్కును తప్పుపట్టనక్కర్లేదు.

తీగ మీది గ్రెనాష్ పండు కొరికితే మాత్రం ఈ వాసనలు అంతగా రావు. అక్కడ చాలా వాసన అణువులు చక్కెరకో, మరో అణువుకో కట్టేసి ఉంటాయి. బరువైన అణువు ఎగరలేదు, ఎగరనిది ముక్కుకు చేరదు. పులిసేటప్పుడు ఈస్ట్ కొన్ని ముళ్లు విప్పుతుంది. సీసాలో ఉన్న ఏళ్లలో మెల్లగా మరికొన్ని విడతాయి. వైన్‌లో కొత్త వాసనలు పుట్టుకురావడం వెనక చాలావరకు ఉన్నది ఈ విడుదలే.

కొన్ని వాసనలు పక్కింటి నుంచీ వస్తాయి. ఆస్ట్రేలియా రెడ్ వైన్‌లు కొన్నిటిలో నీలగిరి తైలం వాసన రావడం మీద అక్కడి వైన్ పరిశోధన సంస్థ పనిచేసింది. జామాయిల్ చెట్లకు దగ్గరి వరసల్లో కోసిన ద్రాక్షలోనే ఆ పదార్థం ఎక్కువని తేలింది. గాలికి రాలిన ఆకులు, బెరడు ముక్కలు గుత్తులతోపాటు గంపలో పడడం అందుకు ముఖ్య కారణం.

వేరు పురుగు, ఇసుక నేల

దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో 1848లో నాటిన గ్రెనాష్ తీగలు కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. కాపులో ఉన్న గ్రెనాష్ తీగల్లో ప్రపంచంలోకెల్లా పాతవి అవేనని పేరు. సిరిల్లో కుటుంబం వాటిని సాకుతోంది. 1848 అంటే కందుకూరి వీరేశలింగం పుట్టిన ఏడు. అప్పటికి ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ ఆనకట్ట కట్టిస్తూనే ఉన్నాడు. ఆ ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చి కూడా దశాబ్దాలు గడిచాయి. ఆ తీగలు మాత్రం ఏటా కోతకు వస్తూనే ఉన్నాయి.

అంత పాత తీగలు యూరప్‌లో కాకుండా, ద్రాక్షను కొత్తగా తెచ్చుకున్న ఆస్ట్రేలియాలో ఎందుకున్నాయి? జవాబు ఒక చిన్న పురుగు దగ్గరుంది. 1860ల మొదట్లో రోన్ నదికి ఆవలి గట్టున, శాటోనఫ్-దు-పాప్‌కు ఎదురుగా ఉన్న రోక్‌మోర్ చుట్టుపక్కల తోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868లో వృక్షశాస్త్రవేత్త జ్యూల్ ఎమిల్ ప్లాంషోన్, ఆయన బృందం చచ్చిన తీగలను వదిలేసి బతికున్న తీగలను పెరికి చూశారు. వేళ్ల మీద పేనుబంక జాతికి దగ్గరి చుట్టమైన పసుపు పురుగులు గుంపులుగా కనిపించాయి. ఆ పురుగు పేరు ఫిలాక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన తీగలతో అట్లాంటిక్ దాటి వచ్చింది. అమెరికా ద్రాక్షజాతులు దానితో కలిసి పరిణామం చెందాయి, తట్టుకుంటాయి. యూరప్ ద్రాక్షకు ఆ శక్తి లేదు. 1875లో సుమారు 8.4 కోట్ల హెక్టోలీటర్లున్న ఫ్రాన్సు వైన్ ఉత్పత్తి 1889 నాటికి 2.3 కోట్లకు పడిపోయింది.

చివరికి పరిష్కారం అంటు కట్టడం. కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ. మామిడి అంట్లు ఎరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు. కానీ దాంతో ఫ్రాన్సులోని తోటలు దాదాపు అన్నీ మళ్లీ మొదటి నుంచి నాటాల్సి వచ్చింది. అక్కడి పాత తీగల చరిత్ర అక్కడ తెగిపోయింది.

పురుగు ఓడిన చోట్లు రెండు. ఒకటి, అది చేరని చోటు. 1877లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో అది కనబడగానే పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దులు బిగించి, తీగల రాకపోకల మీద కఠినమైన చట్టాలు తెచ్చింది. నేటికీ ఆ రాష్ట్రంలో ఫిలాక్సెరా లేదు. బరోసా తీగలు సొంత వేళ్ల మీదే నిలిచాయి. రెండు, ఇసుక నేల. వదులు ఇసుకలో పురుగు వేరు నుంచి వేరుకు పాకలేదు.

ఈ ఇసుకకు గ్రెనాష్ కథలో ఇంకో పాత్ర ఉంది. శాటోనఫ్ అనగానే ఫొటోల్లో కనిపించేవి తలకాయలంత గులకరాళ్లు. కానీ గ్రెనాష్‌తో ఆ ఊరికి అన్నిటికంటే సున్నితమైన వైన్ ఇస్తుందని పేరున్న శాటో రాయాస్ తోటది ఇసుక నేల. మాడ్రిడ్‌కు పశ్చిమాన గ్రెడోస్ కొండల్లో గ్రానైట్ కరిగి ఏర్పడిన ఇసుక, ఆస్ట్రేలియా మెక్‌లారెన్ వేల్‌లోని బ్లూవిట్ స్ప్రింగ్స్ ఇసుక కూడా ఇలాంటి తేలికైన, పరిమళం నిండిన గ్రెనాష్‌కే ప్రసిద్ధి. దీనికి ఎదురు కాటలోనియాలోని ప్రియోరాట్. అక్కడ లికొరెల్లా అనే నల్లటి పలకరాయి నేల. వైన్ చిక్కగా, దిట్టంగా ఉంటుంది.

అంటే రాయి రుచి వైన్‌లోకి వస్తుందా? రాదు. వేరు రాళ్లను తాగదు. నీటిలో కరిగిన అయాన్లను అత్యల్పంగా తీసుకుంటుంది, వాటిలో ఎక్కువ వాటికి రుచి గానీ వాసన గానీ లేదు. నేల చేసే పని ఎంత నీరు, ఎప్పుడు, ఎంత లోతులో దొరకాలో నిర్ణయించడం. ఆ నీటి లెక్కే పండు పరిమాణాన్నీ, అది పండే వేగాన్నీ, చివరికి రుచినీ మారుస్తుంది.

డబ్బిచ్చి పెరికించిన తోటలు

పురుగు తినని తోటలను లెక్కలు తిన్నాయి. 1980ల నడిమికి ఆస్ట్రేలియాలో ద్రాక్ష ఎక్కువై ధర కుప్పకూలింది. గ్రెనాష్‌తో అప్పటిదాకా ఎక్కువగా చేసింది తీపి పోర్ట్ తరహా మద్యం. జనం దాన్ని వదిలి పలచటి వైన్‌ల వైపు మళ్లారు. తీగలు పెరికేసిన రైతుకు దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే డబ్బిచ్చింది. బరోసాలో నూరేళ్ల మొద్దులు ట్రాక్టరు గొలుసుకు కట్టుకుని బయటికి వచ్చాయి. కాపు తక్కువ, ఖర్చు ఎక్కువ, చేత్తోనే కోయాలి. కాగితం మీద చూస్తే ముందుగా పోవలసింది ముసలి తీగే. స్పెయిన్‌లోనూ పెరికినందుకు యూరప్ సంఘం డబ్బులిచ్చిన రోజులు తర్వాత వచ్చాయి.

కొందరు మాత్రం పెరకలేదు. కొందరికి మమకారం, కొందరికి మొండితనం, కొందరి పొలం మరీ రాతినేల కావడంతో మరో పంట పెట్టే దారి లేకపోవడం. బరోసాలో చార్ల్స్ మెల్టన్ ఈ ముసలి గ్రెనాష్‌ను కొని, దానికి సిరా తదితర ద్రాక్షలు కలిపి ‘నైన్ పోప్స్’ అనే వైన్ తెచ్చాడు. ఆ పేరులో చిన్న చమత్కారం ఉంది. ‘శాటోనఫ్-దు-పాప్’ అంటే పోపుగారి కొత్త కోట. ఫ్రెంచిలో ‘నఫ్’కు కొత్త అనే కాక తొమ్మిది అనే అర్థం కూడా ఉంది. దాంతో కొత్త కోట తొమ్మిదిమంది పోపులైంది. ప్రియోరాట్‌లో 1980ల చివర రెనే బార్బియే వెంట ఒక చిన్న బృందం వదిలేసిన కొండవాలు తోటల్లోకి దిగింది. అందులోని ఆల్వారో పలాసియోస్ అక్కడి ముసలి గార్నాచాతో 1993లో మొదటిసారి చేసిన ‘లెర్మీతా’ ఆ తర్వాత స్పెయిన్‌లోని అత్యంత ఖరీదైన వైన్‌లలో ఒకటైంది.

పనికిరాదన్నది పరువైనదిగా మారాక, దానికి కొలబద్దలూ వచ్చాయి. బరోసా రైతులు 2009లో తమ తీగలను వయసును బట్టి నాలుగు తరగతులు చేశారు. 35 దాటితే ‘ముసలి’, 70 దాటితే ‘బతికి బట్టకట్టినవి’, 100 దాటితే ‘శతాయువులు’, 125 దాటితే ‘పూర్వీకులు’. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ కూడా 2024లో ముసలి తీగకు 35 ఏళ్లనే గీత గీసింది. అంతకు ముందు ‘ఓల్డ్ వైన్’ అన్న మాటను సీసా మీద ఎవరికి తోచిన లెక్కన వాళ్లు వేసుకునేవారు.

వయసా, మిగలడమా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ముసలి తీగల వైన్ మేలైనదని తోట యజమానులు, తాగేవారు ఏకకంఠంతో అంటారు. అందులో వయసు వాటా ఎంత?

పాత సినిమా పాటలన్నీ బంగారమే అని మనమంటాం. ఆ రోజుల్లో చప్పటి పాటలు రాలేదా? వచ్చాయి. వాటిని మరిచిపోయాం. రేడియోలో ఇప్పటికీ మోగేవి జల్లెడలో మిగిలినవే. ముసలి తోటల సంగతీ అంతే. చెడ్డ చోట నాటిన తోట, రోగం పట్టిన తోట, చప్పటి పండు కాసిన తోట ఎప్పుడో మాయమయ్యాయి. నూరేళ్లు నిలిచిన తోట మంచి చోట ఉండబట్టి నిలిచి ఉండొచ్చు. అప్పుడు రుచి చోటుది. మనం దాన్ని వయసు ఖాతాలో రాస్తున్నాం. దానికి తోడు, ముసలి తోటకు మంచి ధర పలుకుతుంది కాబట్టి రైతు దాన్ని శ్రద్ధగా చూస్తాడు. తాగేవాడు కూడా సీసా మీది మాట చదివే తాగుతాడు.

ఈ చిక్కుముడి విప్పాలంటే ఒకే నేలలో, ఒకే రకం ద్రాక్ష, ఒకే వేరు మీద, వేరువేరు వయసుల్లో పక్కపక్కన ఉండాలి. అలాంటి తోట అరుదు. జర్మనీలోని గైజెన్‌హైమ్‌లో ఒకటుంది. అక్కడ రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షను 1971, 1995, 2012లలో నాటారు. అక్కడి పరిశోధకులు 2019లో వెలువరించిన ఫలితాల్లో లేత తీగలకూ ముదిరిన తీగలకూ మధ్య కొన్ని తేడాలు కనిపించాయి. కానీ పాదు కుదురుకున్నాక వయసు వల్ల పండు కూర్పులో వచ్చే తేడా స్వల్పమే. వయసు పెరిగేకొద్దీ రుచి మెట్లుమెట్లుగా పెరుగుతుందన్న నమ్మకానికి అక్కడ బలం దొరకలేదు.

అయితే ముసలితనం ఉత్త మాటేనా? కాదు. లావైన మొద్దులో, వేళ్లలో పిండిపదార్థం నిలవ ఉంటుంది. వసంతంలో ఆకులింకా తమ తిండి తాము సంపాదించుకోలేని రోజుల్లో తీగ ఆ నిలవ మీదే బతుకుతుంది. వేళ్లు దశాబ్దాల పాటు పాకి, లేత తీగకు అందని తడిని అందుకుంటాయి. ఫలితంగా వానలు ఎక్కువైన ఏడూ, ఎండలు మండిన ఏడూ ముసలి తీగ మీద ప్రభావం తక్కువ. ఇంకోవైపు మొద్దులో కొంత భాగం పుచ్చిపోతుంది, వైరస్‌లు చేరతాయి, కొమ్మలు ఎండుతాయి. కాపు తగ్గుతుంది. గుత్తులు వదులుగా, పళ్లు చిన్నవిగా వస్తాయి. పండు చిన్నదైతే రసంతో పోల్చినప్పుడు తొక్క వాటా పెరుగుతుంది. రంగూ, వగరూ, వాసనకు మూలమైన పదార్థాలూ ఎక్కువగా ఉన్నది ఆ తొక్కలోనే.

ఇక్కడే గ్రెనాష్ మిగతా ద్రాక్షల నుంచి విడిపోతుంది. పుట్టుకతోనే పలచటి తొక్క, తక్కువ రంగు, విరగకాసే గుణం ఉన్న ద్రాక్ష ఇది. కాపు తగ్గడం మరో ద్రాక్షకు స్వల్ప మార్పు కావచ్చు, దీనికి అదే ప్రాణం. శాటోనఫ్ నిబంధనల ప్రకారం హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు మించి వైన్ తీయకూడదు. ముసలి తీగకు ఆ నిబంధనతో పనిలేదు. రైతు కత్తెరతో గుత్తులు తుంచి సాధించాల్సిన అదుపును అది తనంతట తానే పాటిస్తుంది. ‘అడిగితే అడిగినంత ఇచ్చే’ ద్రాక్ష, అడిగినా ఇవ్వలేని వయసుకు వచ్చాక ఇచ్చే కాస్తలో సారం నిలుస్తుంది.

కాబట్టి నా జవాబు ఇది: వయసు దానంతట అది రుచి కాదు. గ్రెనాష్‌కు సహజంగా లేని నిగ్రహాన్నీ నిలకడనూ వయసు తెచ్చిపెడుతుంది. పేదనేల, తక్కువ నీరు, ఒద్దికైన కత్తిరింపు ఉంటే ముప్ఫై ఏళ్ల తీగ కూడా ఆ పని చాలావరకు చేయగలదు. ముసలి తోటల్లో ఇవన్నీ ఒక్కచోట చేరి ఉంటాయి, ఎందుకంటే అవి చేరని తోటలు మిగల్లేదు. గ్లాసులో మనకు దొరికేది వయసు కంటే ఎక్కువగా ఆ మిగలడం రుచి.

బరోసాలో జూలై చలికాలం. ఆ నెలల్లో ముసలి గ్రెనాష్‌లను కత్తిరిస్తారు. 1848 నాటి మొద్దు నుంచి తెగిన పుల్లను భూమిలో గుచ్చితే వేరు పోసుకుంటుంది. జన్యువుల లెక్కలో అది తల్లితీగే, పేరు కూడా అదే. నిజానికి 1848లో నాటింది కూడా అంతకంటే పాత తీగ నుంచి తెంపిన ఇలాంటి పుల్లనే. ముసలిది జన్యువు కాదు, మొద్దూ వేళ్లూ. వాటికి దగ్గరిదారి లేదు. ఈ చలికాలం నాటిన పుల్ల మొదటి గీత అయిన 35 ఏళ్లు దాటేసరికి ఒక తరం గడిచిపోతుంది. ఈలోగా ఏ ఒక్క ఏడాది ధర పడిపోయినా, పెరికేస్తే డబ్బిస్తామని ఎవరైనా తలుపు తట్టినా, ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే.